నీటి గొట్టాల ఘనీభవన నివారణలో థర్మోస్టాట్: అమరిక, నిర్వహణ
(లేహ్ శీతల శుష్క మండల వ్యవసాయ క్షేత్రాల నేపథ్యంలో)

ఉపోద్ఘాతం

లద్దాఖ్‌లోని లేహ్ సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న శీతల ఎడారి ప్రాంతం. సాలీనా వర్షపాతం 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున మైనస్ 13, 14 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతుంది. తీవ్రమైన రాత్రులలో ఇంకా ఎంతో దిగువకు చేరుతుంది. ఇటువంటి పరిస్థితులలోనూ అక్కడి రైతులు సౌర హరితగృహాలలో ఆకుకూరలు పండిస్తారు, పాడి పశువులను, మేకలను, కోళ్లను పోషిస్తారు. ఈ పనులన్నింటికీ ప్రతిరోజూ నీరు కావాలి. పంపు ఉండి, తొట్టిలో నీరుండి కూడా మధ్యలోని పది మీటర్ల గొట్టం గడ్డకట్టినట్లయితే ఆ క్షేత్రానికి నీరు లేనట్లే.

తెలుగు నేలపై ఈ సమస్య దాదాపు ఎదురుకాదు. లంబసింగి వంటి మన్య ప్రాంతాలలో కొన్ని వేకువలలో ఉష్ణోగ్రత సున్నకు చేరువైనప్పటికీ, ఆ చలి కొద్ది గంటలకే పరిమితం కావడం వలన గొట్టాలు పగిలే స్థితి రాదు. అయితే వ్యవసాయ ఇంజనీరింగ్, ఉద్యానశాస్త్రం చదివిన తెలుగు పట్టభద్రులు అఖిల భారత స్థాయి నియామకాల ద్వారా హిమాలయ ప్రాంత పరిశోధన కేంద్రాలలోనూ, కృషి విజ్ఞాన కేంద్రాలలోనూ పనిచేయవలసి వస్తుంది. కోస్తా జిల్లాల రొయ్యల శుద్ధి కర్మాగారాలలో మైనస్ 18 డిగ్రీలు, అంతకంటె తక్కువ ఉష్ణోగ్రత గల శీతల గదుల నుండి కరుగు నీటిని బయటకు పంపే గొట్టాలకు కూడా ఇదే రక్షణ అవసరమవుతుంది. ఈ కారణాల వలన విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ విషయాన్ని మూల సూత్రాల నుండి తెలుసుకోవడం ప్రయోజనకరం.

గొట్టం పగిలే తీరు

నీరు 4 డిగ్రీల వద్ద అత్యధిక సాంద్రత కలిగి ఉంటుంది. అంతకంటె చల్లబడిన కొద్దీ స్వల్పంగా వ్యాకోచిస్తుంది. సున్న వద్ద మంచుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో నిలిచి ఉన్న నీరు సున్నను చేరిన వెంటనే గడ్డకట్టదు. తరచుగా సున్నకు కొన్ని డిగ్రీల దిగువ వరకు ద్రవ రూపంలోనే చల్లబడుతుంది. దీనినే అతిశీతలీకరణం అంటారు. ఆ తరువాత ఒక్కసారిగా సన్నని మంచు రేకులు నీటినిండా వ్యాపిస్తాయి. అటుపై గొట్టం గోడల నుండి లోపలికి మంచు పొర మందమై, చివరకు బిరడా వలె మార్గాన్ని మూసివేస్తుంది.

మంచు ఏర్పడిన చోటనే గొట్టం పగులుతుందని సామాన్యంగా భావిస్తారు. వాస్తవంలో మంచు బిరడాకూ, మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిపై పెరిగే పీడనమే ఎక్కువ సందర్భాలలో గొట్టాన్ని చీల్చుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ భవన పరిశోధన విభాగం 1990 దశకంలో జరిపిన ప్రయోగాలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. అందువలన పగులు కనిపించే చోటు ఒకటి, చలి సోకిన చోటు వేరొకటి కావచ్చును. పగిలిన చోట కొత్త ముక్క అతికించి, చలి సోకిన చోటును వదలివేసినట్లయితే మరుసటి చలికి నష్టం పునరావృతమవుతుంది. పగులు జరిగిన సంగతి కూడా మంచు కరిగి నీరు బయటకు చిమ్మినప్పుడే బయటపడుతుంది.

ఉష్ణనిరోధక పొర పరిమితి

గొట్టానికి మందమైన ఉష్ణనిరోధక పొర చుట్టినట్లయితే చాలునన్న అభిప్రాయం ఉన్నది. ఒక చిన్న గణన దీని పరిమితిని తెలుపుతుంది. వెలుపలి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం సుమారు 27 మిల్లీమీటర్లు గల ఇనుప గొట్టానికి 25 మిల్లీమీటర్ల మందంగల నురుగు పొర చుట్టినట్లు, ఆ పొర ఉష్ణవాహకత మీటరుకు ఒక డిగ్రీకి 0.035 వాట్లు అనుకొందాం. స్తూపాకార పొర సూత్రం ప్రకారం లోపలికీ బయటికీ ఒక డిగ్రీ భేదం ఉన్నప్పుడు మీటరు పొడవుకు 0.24 వాట్ల ఉష్ణం నష్టమవుతుంది. నీరు 5 డిగ్రీల వద్ద, బయటి గాలి మైనస్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు భేదం 30 డిగ్రీలు; నష్టం మీటరుకు 7.25 వాట్లు.

మీటరు గొట్టంలో సుమారు 0.58 కిలోల నీరు ఉంటుంది. నీటినీ, ఇనుమునూ కలిపి 5 డిగ్రీల నుండి సున్నకు తేవడానికి 18 కిలోజౌళ్ల ఉష్ణం బయటకు పోవాలి. పై వేగంతో ఇందుకు పట్టే కాలం సుమారు 45 నిమిషాలు మాత్రమే. ఆ నీరంతా గడ్డకట్టడానికి కిలోకు 334 కిలోజౌళ్ల చొప్పున సుమారు 195 కిలోజౌళ్ల గుప్తోష్ణం పోవాలి. ఇందుకు దాదాపు 9 గంటలు పడుతుంది. మరొక విధంగా చెప్పాలంటే, చక్కగా పొర చుట్టిన గొట్టం కూడా నీరు కదలకుండా నిలిచిన ఒక్క దీర్ఘ శీతరాత్రిలో పూర్తిగా గడ్డకట్టగలదు. పొర ఉష్ణ నష్టాన్ని తగ్గించి కాలవ్యవధిని పెంచుతుందే గాని ఉష్ణాన్ని పుట్టించదు. నష్టమైన ఉష్ణాన్ని భర్తీ చేయడానికి తాపక తీగ, ఆ తీగను అవసరమైనప్పుడు మాత్రమే పనిచేయించడానికి థర్మోస్టాట్ కావాలి.

పొర లేకుండా తీగను మాత్రమే అమర్చడం కూడా వ్యర్థమే. అదే గొట్టానికి పొర లేనప్పుడు, ఉపరితల ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరుకు ఒక డిగ్రీకి 15 వాట్లుగా తీసుకొన్నప్పటికీ, నష్టం మీటరుకు సుమారు 48 వాట్లు. గాలి వీచినప్పుడు ఇది మరింత పెరుగుతుంది. సాధారణ తాపక తీగ ఈ నష్టాన్ని పూడ్చలేదు.

తాపక తీగల రకాలు

స్థిర సామర్థ్య తీగ: ఉష్ణోగ్రత ఎంత ఉన్నా మీటరుకు దాదాపు ఒకే శక్తిని వెలువరిస్తుంది. శ్రేణి నిరోధక రకాన్ని క్షేత్రంలో కత్తిరించరాదు. పొడవు తగ్గినట్లయితే నిరోధం తగ్గి, తీగ మితిమీరి వేడెక్కుతుంది. దీనిని ఒకదానిపై ఒకటి పడేటట్లు చుట్టరాదు. థర్మోస్టాట్ లేకుండా వాడరాదు.

స్వయం నియంత్రిత తీగ: రెండు సమాంతర రాగి తీగల నడుమ కర్బన రేణువులు కలిపిన పాలిమర్ ఉంటుంది. వేడెక్కిన కొద్దీ పాలిమర్ వ్యాకోచించి, కర్బన మార్గాలు తెగి, విద్యుత్తు తగ్గుతుంది. కావలసిన పొడవుకు కత్తిరించుకోవచ్చును. అయితే ఈ తీగ తనంతట తాను పూర్తిగా ఆగిపోదు. వేసవిలో కూడా కొంత విద్యుత్తును తీసుకొంటూనే ఉంటుంది. అందువలన పేరులో నియంత్రణ ఉన్నప్పటికీ దీనికి కూడా థర్మోస్టాట్ అవసరమే.

పై ఉదాహరణలో 7.25 వాట్ల నష్టానికి 20 నుండి 25 శాతం అదనపు భద్రత కలిపినట్లయితే మీటరుకు సుమారు 9 వాట్లు కావాలి. కాబట్టి 10 వాట్ల తీగ సరిపోతుంది. కవాటాలు, గొట్టాన్ని మోసే ఇనుప ఆధారాలు అధిక ఉష్ణాన్ని లాగివేస్తాయి. అక్కడ తయారీదారు సూచించిన మేరకు అదనపు పొడవు అమర్చాలి.

థర్మోస్టాట్ ఎంపిక

గాలి ఉష్ణోగ్రతను కొలిచే థర్మోస్టాట్ బయటి గాలి 4 లేదా 5 డిగ్రీలకు తగ్గగానే మొత్తం తీగలకు విద్యుత్తు అందిస్తుంది. ఒకే పరికరంతో పలు గొట్టాలను కాపాడవచ్చును; నిర్మాణం సరళం. గొట్టం ఉష్ణోగ్రతను కొలిచే థర్మోస్టాట్ సెన్సర్ మాత్రం పొర అడుగున గొట్టానికి అంటి ఉంటుంది. నీరు ప్రవహించే ప్రతి ప్రత్యేక మార్గానికీ ఒక్కొక్కటి కావాలి.

ఖర్చులో ఈ రెండింటి భేదం గణనీయం. 30 మీటర్ల గొట్టానికి 10 వాట్ల స్థిర సామర్థ్య తీగ 300 వాట్లు తీసుకొంటుంది. లేహ్‌లో నడి చలికాలంలో పగటి ఉష్ణోగ్రత కూడా సున్నకు అటూ ఇటూగా ఉండడం వలన గాలిని కొలిచే థర్మోస్టాట్ రోజంతా తీగను పనిచేయిస్తుంది. దినసరి వినియోగం 7.2 యూనిట్లు. బయట మైనస్ 5 డిగ్రీలు ఉన్న రోజున ఆ గొట్టాన్ని 5 డిగ్రీల వద్ద నిలపడానికి వాస్తవంలో కావలసింది సుమారు 1.7 యూనిట్లే. గొట్టాన్ని కొలిచే థర్మోస్టాట్ ఈ తేడాను ఆదా చేయగలదు. అయితే దాని సెన్సర్ తప్పు చోట ఉన్నప్పుడు ఆదాతోపాటు రక్షణ కూడా పోతుంది.

ఆరంభ ఉష్ణోగ్రతకూ, ఆగే ఉష్ణోగ్రతకూ మధ్య తగిన వ్యత్యాసం ఉండాలి. 4 డిగ్రీల వద్ద ఆరంభమై 7 డిగ్రీల వద్ద ఆగడం చాలా సందర్భాలకు అనుకూలం. వ్యత్యాసం మరీ స్వల్పమైనట్లయితే స్పర్శకాలు పదేపదే కలిసి విడిపోతూ త్వరగా కాలిపోతాయి.

స్పర్శకాల విద్యుత్ సామర్థ్యాన్ని ఎంచుకొనేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. స్వయం నియంత్రిత తీగ చల్లగా ఉన్నప్పుడు ఆరంభంలో సాధారణ స్థాయికి కొన్ని రెట్లు విద్యుత్తును లాగుతుంది. అంతేగాక సాధారణ స్విచ్ పరికరాలు 2,000 మీటర్ల ఎత్తు వరకు వాడకాన్ని ఉద్దేశించి రూపొందినవి. లేహ్ ఎత్తులో గాలి పలుచన కావడం వలన వాటి శీతలీకరణ, విద్యుత్ నిరోధ సామర్థ్యం తగ్గుతాయి. తయారీదారు ఇచ్చిన తగ్గింపును పాటించాలి. భారం అధికమైనప్పుడు థర్మోస్టాట్ చేత కాంటాక్టర్‌ను, కాంటాక్టర్ చేత తీగలను నడిపించాలి.

సెన్సర్ స్థానం

థర్మోస్టాట్‌కు తెలిసేది తన సెన్సర్ ఉన్న చోటి ఉష్ణోగ్రత ఒక్కటే. అది క్షేత్రమంతటిలోనూ మొదట గడ్డకట్టే చోటికి ప్రతినిధిగా ఉండాలి. అమరికలోని తక్కిన పనులన్నీ ఈ నియమం తరువాతివే.

లేహ్‌లో ఈ నియమానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఆ ఎత్తున ఆకాశం నిర్మలంగా ఉండి ఎండ తీవ్రంగా కాస్తుంది. దక్షిణపు గోడపై ఎండ తగిలే చోట అమర్చిన సెన్సర్ గాలి కంటె ఎన్నో డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. అదే సమయంలో ఉత్తరపు గోడ నీడలోని గొట్టం సున్నకు దిగువననే ఉండవచ్చును. థర్మోస్టాట్ తాను చూసిన దానిని బట్టి తీగను ఆపివేస్తుంది, గొట్టం గడ్డకడుతుంది. పరికరంలో ఏ లోపమూ లేకుండానే నష్టం జరుగుతుంది. హరితగృహం లోపల సెన్సర్ ఉండి గొట్టంలో కొంత భాగం బయట ఉన్నప్పుడు కూడా ఇదే పరిణామం కలుగుతుంది.

గాలి సెన్సర్‌ను ఉత్తర దిశలో, నీడలో, గాలి సోకే చోట, మంచు పేరుకొనే మట్టానికి పైన అమర్చాలి. పొగగొట్టం, పశువుల కొట్టపు గాలి ద్వారం, పంపు మోటారు దరిదాపుల్లో ఉంచరాదు. గొట్టపు సెన్సర్‌ను తాపక తీగకు కనీసం పావు చుట్టు దూరంగా, సాధారణంగా గొట్టపు అడుగు భాగంలో, అల్యూమినియం పట్టీతో అంటించాలి. తీగను తాకుతున్న సెన్సర్ తీగ వేడినే గొట్టపు వేడిగా గ్రహిస్తుంది. గొట్టం నేలలో నుండి పైకి లేచే చోటు, గోడను దాటే చోటు, పంపు గది తలుపు సమీపం అత్యంత బలహీన స్థానాలు. వీటిని పరిశీలించిన తరువాతే సెన్సర్ చోటును నిర్ణయించాలి.

అమరిక క్రమం

మొదట గొట్టాన్ని నీటి పీడనంతో పరీక్షించి కారడం లేదని నిర్ధారించాలి. తీగను చుట్టకముందు, చుట్టిన తరువాత, పొర కప్పిన తరువాత మెగ్గర్‌తో నిరోధాన్ని కొలవాలి. పాలిమర్ పొరగల తీగలకు అంతర్జాతీయ ఆచరణలో 2,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పరీక్ష సూచించబడినది. విలువ 20 మెగాఓములకు తగ్గరాదు. ఈ పరీక్ష సమయంలో థర్మోస్టాట్‌ను వలయం నుండి తప్పించాలి. లేనిచో దానిలోని ఎలక్ట్రానిక్ భాగాలు దెబ్బతింటాయి.

ప్లాస్టిక్ గొట్టాలకు తక్కువ సామర్థ్యపు తీగనే వాడాలి. తీగ కింద, పైన అల్యూమినియం పట్టీ అంటించినట్లయితే వేడి గొట్టమంతటా పరుచుకొంటుంది. తీగ చివరను తయారీదారు ఇచ్చిన మూతతోనే మూయాలి. పొరపై నీరు చొరని తొడుగు తప్పనిసరి. నీటి ఉష్ణవాహకత పొడి నురుగు పొర కంటె సుమారు 17 రెట్లు అధికం. తడిసిన పొర రక్షణ ఇవ్వజాలదు.

థర్మోస్టాట్ పెట్టెను కేబుల్ ద్వారాలు కిందివైపు ఉండేటట్లు బిగించాలి. లోపలికి వెళ్లే ముందు తీగను కొద్దిగా కిందికి వేలాడదీసినట్లయితే దానిపై జారే నీరు అక్కడే రాలిపోతుంది. కేశనాళిక గల రకంలో ఆ సన్నని గొట్టాన్ని పదునుగా వంచరాదు. ప్రతి వలయానికీ 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకర్, తీగ లోహపు అల్లికకు సరైన భూసంధానం ఉండాలి. ఎండుగడ్డి నిల్వ ఉండే పశువుల కొట్టాలలో ఈ బ్రేకర్ లేని అమరిక అగ్నిప్రమాదానికి ఆహ్వానం. విద్యుత్ పనిని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

చివరిగా, థర్మోస్టాట్ ఆరంభ బిందువును అప్పటి గాలి ఉష్ణోగ్రత కంటె పైకి తిప్పి, తీగ విద్యుత్తు తీసుకొంటున్నదని క్లాంప్ మీటర్‌తో కొలవాలి. 230 వోల్టుల వద్ద 300 వాట్ల స్థిర సామర్థ్య తీగకు ఇది సుమారు 1.3 ఆంపియర్లు ఉండాలి. ఆ విలువను తేదీతో సహా పెట్టె తలుపు లోపల రాసి ఉంచాలి. పరీక్ష అనంతరం బిందువును తిరిగి 4 లేదా 5 డిగ్రీలకు తేవడం మరువరాదు.

నిర్వహణ

నీటి పంపు చెడినట్లయితే ఆనాడే తెలుస్తుంది. ఘనీభవన నివారణ థర్మోస్టాట్ మాత్రం వేసవి అంతా పనిలేక ఉంటుంది; అది చెడిన సంగతి అత్యంత చలి రాత్రి గాని బయటపడదు. అప్పటికి మరమ్మతుకు వ్యవధి ఉండదు. లేహ్ వంటి చోట రహదారులు మంచుతో మూసుకొని విడిభాగాలు కూడా అందవు. కనుక నిర్వహణ యావత్తూ చలికి ముందే జరగాలి.

సెప్టెంబరు మాసాంతానికి ఐదు పనులు పూర్తిచేయాలి.

1. సెన్సర్‌ను మంచుముక్కలు, నీరు కలిపిన పాత్రలో పది నిమిషాలు ఉంచాలి. ఆ మిశ్రమం సున్న డిగ్రీల వద్ద ఉంటుంది గనుక థర్మోస్టాట్ తప్పక ఆరంభం కావాలి. ప్లాటినం నిరోధక సెన్సర్ అయినట్లయితే, 100 ఓముల రకానికి, మల్టీమీటర్ 100 ఓములకు చేరువైన విలువ చూపాలి.

2. విద్యుత్తును కొలిచి నిరుటి నమోదుతో పోల్చాలి. తగ్గుదల తీగ తెగిందనడానికి సూచన. స్థిర సామర్థ్య తీగ శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది; సరఫరా 230 నుండి 180 వోల్టులకు పడినప్పుడు శక్తి 61 శాతానికి తగ్గుతుంది. కావున వోల్టేజీని కూడా నమోదు చేయాలి.

3. మెగ్గర్ పరీక్షను పునరావృతం చేయాలి.

4. ఎర్త్ లీకేజీ బ్రేకర్ పరీక్ష మీటను నొక్కి చూడాలి.

5. పొరను ఆసాంతం పరిశీలించి ఎలుకలు కొరికిన చోట్లను, తడిసిన భాగాలను మార్చాలి.

చలికాలంలో వారానికొకసారి సూచిక దీపాన్ని, విద్యుత్తును గమనించాలి. గొట్టానికి మరమ్మతు జరిగిన ప్రతిసారీ సెన్సర్ తిరిగి గొట్టానికే అంటి ఉన్నదో లేదో చూడాలి. మరమ్మతు చేసినవారు దానిని విప్పి పొర బయట వదలివేయడం తరచుగా జరిగే పొరపాటు. ఎలక్ట్రానిక్ నియంత్రకాలలో సెన్సర్ తెగినప్పుడు తీగ ఆగిపోవాలా, పనిచేయాలా అనే ఎంపిక ఉంటుంది. స్వయం నియంత్రిత తీగకు పనిచేసే ఎంపికయే శ్రేయస్కరం. స్థిర సామర్థ్య తీగకు గరిష్ఠ ఉష్ణోగ్రత రక్షణ వేరుగా ఉన్నప్పుడే అది సమ్మతం. వసంతంలో చలి పూర్తిగా తగ్గిన తరువాత సరఫరాను ఆపి, ఆ సంగతిని నమోదు చేయాలి.

విద్యుత్తు లేనప్పుడు

శ్రీనగర్ నుండి ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్ చేరే విద్యుత్ ప్రసార మార్గం 2019లో ప్రారంభమై లద్దాఖ్‌ను జాతీయ గ్రిడ్‌తో కలిపింది. అయినప్పటికీ అంతరాయాలు లేవని భావించరాదు. విద్యుత్తు పోయినప్పుడు పై గణనలోని 45 నిమిషాలు లెక్కకు వస్తాయి. అందువలన గొట్టాన్ని నేల గడ్డకట్టే లోతుకు దిగువన పూడ్చడం, పైకి వచ్చే భాగాన్ని వాలుగా వేసి అట్టడుగున నీరు వదిలే కవాటం అమర్చడం మొదటి రక్షణలు, పొర రెండవది, తీగ, థర్మోస్టాట్ మూడవది. రాత్రి వాడని గొట్టాన్ని ఖాళీ చేయగలిగినప్పుడు దానికి తీగ అవసరమే ఉండదు.

ఒకవేళ గొట్టం గడ్డకట్టినట్లయితే నిప్పు సెగ చూపరాదు. ముందుగా కుళాయి తెరచి, కుళాయి వైపు నుండి మంచు ఉన్న వైపునకు క్రమంగా గోరువెచ్చని గుడ్డలతో వేడి అందించాలి. అప్పుడు కరిగిన నీటికి బయటకు పోయే మార్గం ఉండి, పీడనం పెరగదు.

ముగింపు

ఘనీభవన నివారణలో తీగ సామర్థ్యాన్నీ, పొర మందాన్నీ గణనతో నిర్ణయించవచ్చును. సెన్సర్ చోటును నిర్ణయించడానికి మాత్రం క్షేత్రంలో నడచి, ఎండ, నీడ, గాలి తీరును వేకువన ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడవలసి ఉంటుంది. శీతల మండల క్షేత్రాలను సందర్శించే విస్తరణ శాస్త్రవేత్త రైతును ముందుగా అడగవలసిన ప్రశ్నలు రెండు: సెన్సర్ ఎక్కడ ఉన్నది, దానిని చివరిసారి మంచునీటిలో పరీక్షించినది ఎప్పుడు? ఈ రెండింటికీ తృప్తికరమైన సమాధానం లభించిన క్షేత్రంలో జనవరి వేకువన కూడా పశువుల తొట్టికి నీరు చేరుతుందని ఆశించవచ్చును.